చీరలో కనిపించని రెక్క

పరాయి దేశంలో మన సంస్కృతి గురించి చెప్పమనే పిలుపు ముందుగా ఆడవాళ్లకే వస్తుంది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో పరిశోధక విద్యార్థినిగా ఉన్నప్పుడు నాకిది బాగా తెలిసొచ్చింది. అక్కడి హైస్కూలు పిల్లలకు తమ దేశం గురించి చెప్పడానికి విదేశీ విద్యార్థుల్ని పిలిచేవారు. నాతో వచ్చే ఇంజనీరింగు అబ్బాయిలు ఆర్థికాభివృద్ధి గురించీ, అంతరిక్ష ప్రయోగాల గురించీ మాట్లాడేవాళ్లు. నాకు మాత్రం చీర కట్టుకు రమ్మనీ, వీలైతే బొట్టు బిళ్లలు తెమ్మనీ కబురు. దేశానికి తెలివి మగవాళ్లది, అలంకారం ఆడవాళ్లది అన్నమాట.

నేను చీర కట్టుకునే వెళ్లాను. మాది అప్పటి నల్లగొండ జిల్లాలో మగ్గం మీద బతికిన పద్మశాలి కుటుంబం. కట్టుకున్నది పోచంపల్లి చీర. దాంతోపాటు ఒక చెక్క కూడా పట్టుకెళ్లాను. దానికి ఒక పక్క ఒకే మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు కొట్టి పెట్టాను. మా ఇళ్లల్లో ఆసు పోసే పనికి అది చిన్న నమూనా. చిటికి కట్టి రంగులద్దడానికి ముందు నూలుపోగుని ఆ ఒక్క మేకు నుంచి ఎదుటి మేకుల దాకా, మళ్లీ వెనక్కి, తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకి చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడాలి. ఈ పని తరతరాలుగా ఆడవాళ్లదే. కానీ నేతగాడు అనే మాటలో వాళ్లు లేరు.

పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి పోగు తిప్పారు. పది నిమిషాలకే భుజాలు పట్టుకున్నారు. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి భుజం నొప్పి చూడలేక ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం తయారుచేశాడనీ, దానికి ఆమె పేరే, లక్ష్మి అని, పెట్టాడనీ చెప్పాను. మా అమ్మమ్మ నాటికి ఆ యంత్రం లేదు. "కట్టుకునేటోళ్లకు చీర కనబడ్తది బిడ్డా, రెక్క కనబడ్తదా?" అనేది. ఆ మాటని ఇంగ్లీషులోకి మార్చి చెప్పడానికి నా డాక్టరేట్ చదువు పెద్దగా అక్కరకు రాలేదు. పిల్లలకు వాళ్ల భుజాలే అర్థం చెప్పాయి.

అప్పుడొక అబ్బాయి అడిగాడు: "మీవాళ్లు ఈ పని ఇష్టపడి ఎంచుకున్నారా?" దానికి జవాబు చెప్పాలంటే కులం గురించి చెప్పాలి. చెప్పాను. ఏ కులంలో పుడితే ఆ పని అనే కట్టడి గురించీ, నేసిన చీరను తాకితే మైలపడదు కానీ కొందరు మనుషుల్ని తాకితే మైల అనే లెక్క గురించీ, ఆ లెక్కలో మాకంటే కిందికి నెట్టబడిన దళిత స్త్రీల గురించీ చెప్పాను. టీచరు కాస్త ఇబ్బందిగా గడియారం వైపు చూసింది.

క్లాసయ్యాక ఒక తెలుగమ్మాయి నా దగ్గరికొచ్చింది. అక్కడే పుట్టి పెరిగిన పిల్ల. "అక్కా, మా ఇంటిపేరు చెప్తే మా కులమేంటో చెప్పగలరా? అమ్మనడిగితే అమెరికాలో అవన్నీ ఎందుకు అంది" అంది మెల్లగా. "ఇంటిపేరు వినగానే చెప్పేసేవాళ్లు ఉంటారు. నేను ఆ పని చెయ్యను. నువ్వు అమ్మనే మళ్లీ అడుగు" అన్నాను. అమ్మ చెప్పకపోయినా ఆ పిల్ల పెళ్లి నాటికి అది తెలిసే తీరుతుందని ఇద్దరిలో ఒకరికి తెలుసు.

ఈ మౌనం ఒక్క ఇంటిది కాదు. 2005-06లో కాలిఫోర్నియాలో ఆరో తరగతి పాఠ్యపుస్తకాల మీద పెద్ద వివాదం నడిచింది. ప్రాచీన భారతంలో మగవాళ్లకున్న హక్కులు ఆడవాళ్లకు లేవనే అర్థమున్న వాక్యాన్ని, ఇద్దరికీ వేర్వేరు ధర్మాలుండేవని మార్చమని కొన్ని హిందూ సంస్థలు కోరాయి. కులం గురించిన వాక్యాల మీదా అభ్యంతరాలే. మన పిల్లలు తోటివాళ్ల ముందు చిన్నబోతారన్నది వాళ్ల వాదన. చిన్నబోకుండా ఉండటానికి చెరిపేయాల్సినవి స్త్రీలూ దళితులూ పడ్డ బాధలేనా? 2023లో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేసిందంటే, సముద్రం దాటినా కులం మనల్ని వదల్లేదనే కదా.

ఆ క్లాసులో మెనామినీ తెగకు చెందిన అమ్మాయి ఒకతి ఉంది. విస్కాన్సిన్ బడుల్లో ఆదివాసీల చరిత్ర చెప్పాలని 1989 నుంచీ చట్టముంది. ఆ పిల్ల అన్న మాట ఇది: "నవంబరు వచ్చిందంటే మమ్మల్ని ఈకలూ డప్పులూ తెచ్చి చూపించమంటారు. మా భూమి ఏమైందని ఎవరూ అడగరు." కొలంబస్ పొరపాటు వల్ల మా ఇద్దరికీ ఒకే పేరు. ఆ పేరు కంటే, మమ్మల్ని చూపించమని అడిగే తీరే మమ్మల్ని ఎక్కువగా దగ్గర చేసింది.

ఇప్పుడు హైదరాబాదులో పాఠాలు చెప్తున్నాను. ఇక్కడి కాలేజీలకీ విదేశీ అతిథులొస్తారు. పట్టుపరికిణీల్లో, పళ్లేలు పట్టుకుని గుమ్మం దగ్గర బారులు తీరేది అమ్మాయిలే. వేదిక మీద దేశం గురించి మాట్లాడేదెవరో మనకు తెలుసు. ఆ అమ్మాయిల్లో పరిశోధకులున్నారు, కవులున్నారు, మగ్గాల ఇళ్ల నుంచీ వాడల నుంచీ వచ్చినవాళ్లున్నారు. ఈసారి పళ్లెం కింద పెట్టి మైకు అందుకోమని చెప్పాల్సింది అధ్యాపకులుగా ఉన్న మనమే.