అందం వచ్చింది, ఎర్తు పోయింది

మా అంబాసిడర్ ఎనిమిది నెలలు షెడ్డులో ఉండి ఇంటికొచ్చిన రోజున అమ్మ ఎర్రనీళ్ళతో దిష్టి తీసింది. 1984 మోడలు, మార్క్ 4. నాన్నగారు నడిపినన్నాళ్ళూ అది మట్టి కొట్టుకున్న గేదెలా ఉండేది. ఇప్పుడేమో పాలమీగడలా మెరుస్తోంది. డాష్‌బోర్డు వెనకాల ఇనపరేకు కూడా వదలకుండా రంగు వేశారు. బిగింపు పట్టీలకి పౌడర్ కోటింగు చేయించారు. ఇంత శ్రద్ధ చూసి నాకు కళ్ళు చెమర్చాయి. కళ్ళు చెమర్చినవాడు వైర్లు చూడడు కదా.

ఆ సాయంత్రం అమ్మని గుడికి తీసుకెళ్తూ మలుపులో కుడివైపు ఇండికేటరు వేశాను. మీటర్ల దగ్గర కుడి బాణంతోపాటు ఎడమ బాణం కూడా కొట్టుకుంది. అంతటితో ఆగలేదు. లైట్లు వేయకుండానే మీటరు లోపలి బల్బులు అదే తాళానికి మిణుకుమిణుకుమన్నాయి. వెనక సీట్లోంచి అమ్మ, "ఏరా, దీనికి పూనకం గానీ వచ్చిందా?" అంది.

పెట్రోలు అప్పుడే కొట్టించాను. ముల్లు మాత్రం ఖాళీ గీత మీంచి లేవలేదు. పక్కనే ఉన్న టెంపరేచర్ ముల్లు మెల్లగా పాకి పైకొసకి చేరి కూర్చుంది. బండి పక్కకి ఆపి బానెట్ ఎత్తాను. ఆవిరి లేదు, వాసన లేదు, ఇంజను హాయిగా ఉంది. కడుపు నిండినవాడు ఆకలంటున్నాడు, ఒళ్ళు చల్లగా ఉన్నవాడు జ్వరమంటున్నాడు. తమాషా ఏమిటంటే, రైలు గేటు దగ్గర పట్టాల మీద బండి ఎగిరిపడగానే బాణాల గోల ఆగిపోయింది. వేడి ముల్లు నెమ్మదిగా దిగి తన చోటికొచ్చింది. అర కిలోమీటరు బుద్ధిగా నడిచాం. తర్వాత మళ్ళీ మామూలే.

మొదట పిలిచిన ఎలక్ట్రీషియన్ కుర్రాడు డాష్‌బోర్డు కింద తల పెట్టకుండానే ఫ్లాషరు పోయిందన్నాడు. మార్చాడు. బాణాలు రెండూ కలిసే కొట్టుకున్నాయి. అయితే స్విచ్చి పోయిందన్నాడు. అదీ మార్చాడు. పెట్రోలు గేజీ పోయింది, టెంపరేచర్ గేజీ పోయింది అని చీటీ రాసిచ్చాడు. నాడి చూడకుండా మందులు రాసే వైద్యుల మీద జోకులేసుకుంటాం కానీ, బండి దగ్గరికొచ్చేసరికి మనమూ ఆ చీటీ పట్టుకుని కొట్టుకి పరిగెత్తేవాళ్ళమే. కొత్త గేజీలు పాత గేజీలు చెప్పిన అబద్ధాలనే పొల్లుపోకుండా చెప్పాయి. పోని సామాను మార్చిన పాపం ఇంకా నా లెక్కలోనే ఉంది. ఆ పాత గేజీలు రెండూ బీరువా మీద ఉన్నాయి.

నాకు ఎర్తు మీద అనుమానం రాకపోలేదు. బాటరీ తీసేసి, మల్టీమీటరు తెచ్చి, ఒక ముల్లు మీటర్ల డబ్బా మీద, ఇంకోటి బాడీ ఇనుము మీద పెట్టాను. కుయ్యిమని కూసింది. ఎర్తు బ్రహ్మాండంగా ఉందని తేల్చుకుని వారం రోజులు తప్పుదారిలో తిరిగాను. ఆ కూత నన్ను ఎలా మోసం చేసిందో తర్వాత తెలిసింది. చల్లగా ఉన్న బల్బు లోపలి తీగకి నిరోధం చాలా తక్కువ. మల్టీమీటరు పంపే చిటికెడు కరెంటు డబ్బాలోంచి ఒక బల్బులోకి, అక్కడినుంచి ముందున్న పార్కింగు బల్బులోకి, అక్కడినుంచి బాడీకి వెళ్ళి చుట్టం చూపుగా తిరిగొచ్చింది. దారి ఉందని మీటరు చెప్పింది నిజమే. అది రాజమార్గమా, దొడ్డిదారా అన్నది దానికి పట్టదు.

చివరికి బెజవాడ ఆటోనగర్‌లో సైకిలు మీద తిరిగి పనిచేసే ఒక ముసలి సాయిబుగారు దొరికారు. ఆయన పనిముట్లలో మల్టీమీటరు లేదు. రెండు వైర్లకి తగిలించిన ఒక బల్బు, కటింగు ప్లయరు, ఎమిరీ పేపరు ముక్క, అంతే. నేను రోగాల చిట్టా విప్పబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"బాబూ, చెడినవి తర్వాత. ముందు ఏవేవి బాగా పనిచేస్తున్నాయో చెప్పు."

ఈ ప్రశ్న అప్పటిదాకా ఎవరూ అడగలేదు. నన్ను నేను కూడా అడగలేదు. హెడ్‌లైట్లు బాగున్నాయి, హారన్ బాగుంది, వైపర్లు బాగున్నాయి. డాష్‌బోర్డులో ఆయిల్ లైటు, ఛార్జింగు లైటు రెండూ తాళం తిప్పగానే వెలుగుతున్నాయి, ఇంజను స్టార్టవగానే ఆరిపోతున్నాయి. ఆయన నవ్వి, "అయితే పది నిమిషాల పని" అన్నారు.

ఆయన మాటల్లో సగం ప్లయరు చప్పుడులో కలిసిపోయాయి కాబట్టి నాకర్థమైనట్టు చెబుతాను. డాష్‌బోర్డులో బల్బులన్నీ ఒకచోటే ఉన్నా, అన్నిటి కరెంటూ ఒకచోటే ఎర్తుకి దిగదు. ఆయిల్ లైటు ఎర్తు ఇంజనుకి బిగించిన ప్రెజర్ స్విచ్చి దగ్గర. ప్రెజర్ వస్తే స్విచ్చి తెరుచుకుంటుంది, లైటు ఆరుతుంది. ఛార్జింగు లైటుకి ఒక కొస తాళం వైపు, రెండో కొస డైనమో వైపు. ఇటూ అటూ సమానంగా తోస్తే మధ్యలో బల్బుకి పనిలేదు, ఆరిపోతుంది. ఈ రెంటికీ మీటర్ల డబ్బాతో సంబంధం లేదు. ఇండికేటరు బాణాలు, హైబీము గుర్తు, లోపలి వెలుగు మాత్రం డబ్బా రేకు మీదుగానే బాడీకి దిగాలి. చెడిన బల్బులన్నీ ఈ రెండో జట్టువే.

కృష్ణా డెల్టా మనిషికి ఇది వెంటనే బుర్రకెక్కుతుంది. మురుగుకాలవ పూడితే నీళ్ళు ఊరుకోవు. పక్కచేలో పడి, గట్టు తెంచుకుని, ఎటు పల్లమైతే అటు పోతాయి. కుడి బాణం కరెంటుకి డబ్బాలోంచి బాడీకి దారి మూసుకుపోయింది. అది ఎడమ బాణం బల్బులోకి వెనకనుంచి చొరబడి, ఎడమవైపు ఇండికేటరు బల్బుల గుండా ఎర్తు వెతుక్కుంది. ఇంకాస్త లోపలి బల్బుల్లో దూరి పార్కింగు లైట్ల గుండా దిగింది. ఆ పూనకమంతా ఇదే. రైలు గేటు దగ్గర మహిమ కూడా ఇంతే. గేరుబాక్సునుంచి స్పీడోమీటరుకి వచ్చే కేబులుకి పైన ఇనపతొడుగు ఉంటుంది. కుదుపుకి ఆ తొడుగు డబ్బాకి గట్టిగా తగిలినప్పుడు ఇంజను మీదుగా ఎర్తు దొరికింది, వదిలేసినప్పుడు పోయింది.

సాయిబుగారు ఒక వైరు ముక్కని బాటరీ మైనస్ నుంచి లాగి డబ్బాకి ఆనించారు. బాణం ఒక్కటే కొట్టుకుంది. లోపలి బల్బులు నోరు మూసుకున్నాయి. వైరు తీస్తే పూనకం, పెడితే శాంతం. నా మల్టీమీటరుకి కూడా పరువు దక్కాలి కదా అని, లైట్లు వేసి ఉంచి, ఈసారి వోల్టుల లెక్కలో డబ్బాకీ బాటరీ మైనస్‌కీ మధ్య కొలిచాను. సున్నా దగ్గర ఆడాల్సిన చోట అయిదు వోల్టుల పైన చూపించింది. పని చేయిస్తూ కొలిస్తేనే ఎర్తు సంగతి బయటపడుతుంది. ఖాళీగా కూర్చోబెట్టి కొలిస్తే అందరూ బుద్ధిమంతులే.

"పెళ్ళికొడుక్కి మంగళస్నానం చేయించి పీట మీద నుంచోబెట్టారు బాబూ. కాలు నేలకి ఆనట్లేదు" అన్నారాయన, పట్టీ మీద పౌడర్ కోటింగు గీకుతూ. నలభై ఏళ్ళుగా డబ్బాని బాడీకి బిగించే మరల చుట్టూ ఉన్న గీతలు, ఊడిన రంగు, నల్లబడ్డ ఇనుము, వాటిమీదుగానే కరెంటు నడిచింది. మేము వాటిని అసహ్యమనుకుని అందంగా మూసేశాం.

వేడి ముల్లు సంగతి ఇంకాస్త విడ్డూరం. ఆ కాలపు బ్రిటిష్ పద్ధతి బళ్ళలో గేజీలకి కరెంటు ఒక చిన్న స్టెబిలైజరు గుండా వస్తుంది. లోపల రెండు లోహాల పట్టీ ఉంటుంది. వేడెక్కితే వంగి కరెంటు తెంపుతుంది, చల్లారితే మళ్ళీ కలుపుతుంది. ఇలా తెంపుతూ కలుపుతూ బాటరీ ఎంత ఉన్నా గేజీకి సగటున 10 వోల్టులు అందేట్టు చూస్తుంది. ఆ పట్టీని వేడెక్కించే తీగకీ ఎర్తు కావాలి. ఎర్తు లేకపోతే పట్టీ వేడెక్కదు, కరెంటు తెగదు. బాటరీ వోల్టులన్నీ ముల్లు మీద పడతాయి, లేని జ్వరం కనిపిస్తుంది. రెండు గేజీలూ ఒకేసారి ఎక్కువ చూపిస్తే గేజీలని అనుమానించకండి. మా బండిలో రెండోది ఎక్కువ చూపించకపోవడానికి కారణం, దాని రోగం వేరేచోట ఉండటమే. పెట్రోలు టాంకుకి కూడా రంగు దట్టించారు. టాంకు మీది ఫ్లోటుకి ఎర్తు తెగింది. ఫ్లోటు వైరు ఊడదీసి ఒక్క క్షణం బాడీకి తాకించగానే ముల్లు ఫుల్లు వైపు నడక మొదలుపెట్టింది. గేజీ, వైరు రెండూ నిర్దోషులని తేలిపోయింది.

అంబాసిడర్‌కి మాతృక మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. ఉత్తరపారాలో 2014 దాకా తయారైంది. ఈ జాతి బళ్ళ కరెంటు సామాను బర్మింగ్‌హామ్ లూకాస్ వంశానిది. ఆ జోసెఫ్ లూకాస్‌ని ఇంగ్లండులో చీకటి యువరాజని ఎగతాళి చేస్తారు. నాకిది అన్యాయమనిపిస్తుంది. వాళ్ళ వైర్ల రంగుల పద్ధతి చూడండి: బాటరీ నుంచి నేరుగా వచ్చేది గోధుమరంగు, తాళం తిప్పితే వచ్చేది తెలుపు, ఫ్యూజు దాటాక పచ్చ, ఎర్తు నలుపు. చీకట్లో టార్చిలైటు పెట్టుకుని వెతికేవాడి కష్టం తెలిసినవాడు పెట్టిన పద్ధతి అది. మా బండికి వేసిన కొత్త వైరింగులో ఎర్రవైరు నాలుగు చోట్ల నాలుగు పనులు చేస్తోంది. నల్లవైరు ఒకటి హారన్‌కి వెళుతోంది. పాత వైరింగు కట్ట ఏదని షెడ్డువాళ్ళని అడిగితే ఎప్పుడో పాత ఇనుముకి వేసేశామన్నారు. పెయింటు పోయినా నాకంత బాధ లేదుగానీ ఆ కట్ట పోయినందుకు ఇప్పటికీ ఉంది.

సాయిబుగారు డబ్బాకీ, టాంకుకీ విడిగా నల్లవైర్లు లాగి, కొసల్లో పళ్ళ వాషర్లు వేసి, మీద వాజిలిన్ రాశారు. వెళ్ళబోతూ బానెట్ కింద చెయ్యి పెట్టి ఇంజనుకీ బాడీకీ మధ్య ఉండే అల్లిక పట్టీ తడిమి చూశారు. ఉంది. అది మర్చిపోయి సెల్ఫు కొడితే ఆ కరెంటంతా ఛోక్ కేబులు మీదుగా పరిగెత్తి, చేతిలోనే పొగ వస్తుందట.

మీ ఇంట్లోనూ పాత బండి రంగుకి వెళుతుంటే ఒక్క మాట. డాష్‌బోర్డు విప్పేముందు వెనకవైపు ఫొటోలు తీసుకోండి, పాత వైరింగు కట్ట అడిగి ఇంటికి తెచ్చుకోండి, ఎర్తు మరలున్న చోట రూపాయి బిళ్ళంత మేర రంగు వేయొద్దని పెయింటరుకి ముందే చెప్పండి.