ఎవరి తట్ట వాళ్లే

మాది గోదావరి ఒడ్డున రెల్లిపేట. మా నాయనమ్మ తట్టా రేకూ పట్టుకుని పాకీదొడ్లు ఎత్తింది. మా నాన్న నడుముకి తాడు కట్టుకుని మ్యాన్‌హోళ్లలోకి దిగాడు. పాకీ పని చేయించడం నేరమని 1993లో చట్టం వచ్చేనాటికి నాకు ఐదేళ్లు. ఆ తర్వాతా నాన్న దిగుతూనే ఉన్నాడు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది, రెండోది తమ్ముడిది. నేను సర్కారు బళ్లో మాస్టర్నయ్యాను. వాడు అట్లాంటాలో కంప్యూటరు ఉద్యోగంలో చేరాడు.

2023 వేసవి సెలవుల్లో వాడు టికెట్టు పంపితే, అనుమతి కాగితం కోసం నెల తిరిగి, వెళ్లాను. వాడూ, ఆఫీసు స్నేహితులిద్దరూ కలిసి ఇల్లంత బండి ఒకటి అద్దెకి తీశారు. ఆర్వీ అంటారు. మంచాలు, పొయ్యి, కక్కసు అన్నీ అందులోనే. ఓర్లాండో దగ్గర డిస్నీ వరల్డ్‌లో ఫోర్ట్ విల్డర్‌నెస్ అనే క్యాంపుగ్రౌండుంది. 1971 నించీ ఉంది. అడివిలాంటి చోటు. బండి ఆపుకునే ప్రతి జాగాకీ కరెంటు, మంచినీళ్లు, మురుగు గొట్టం. పార్కుకి పడవలో పోవచ్చు. నా చిన్నప్పుడు మా పేట మొత్తానికి ఒక్క కుళాయి. బండ్లకున్న మర్యాద మనుషులకి లేకపోయింది గదా అనుకున్నాను.

స్నేహితులు "మీది ఏ వీధండీ, ఇంటిపేరేంటి?" అన్నప్పుడల్లా తమ్ముడు మాట మార్చేవాడు. ఆ ఏడు ఫిబ్రవరిలోనే సియాటిల్ నగరం కులవివక్షని నిషేధించింది. ఆ వార్త ఆఫీసులో చదవబోయి, ఎవరో వస్తుంటే మూసేశాడంట.

మూడో పొద్దున నల్ల ట్యాంకు నిండిందని బండిలో లైటు వెలిగింది. కక్కసు నీళ్లది నల్ల ట్యాంకు, స్నానం నీళ్లది బూడిద ట్యాంకు. ఎవరి ట్యాంకు వాళ్లే ఖాళీ చేసుకోవాలి. పక్క జాగాలో డెబ్భై ఏళ్ల తెల్లాయన గ్లవ్స్ తొడుక్కుని, ఈల వేసుకుంటూ తనది చేసుకుంటున్నాడు. మావాళ్లు మాత్రం ముక్కులు మూసుకుని నిలబడ్డారు. ఒకతను నవ్వి, "మనూళ్లో అయితే పాకీవాణ్ణి కేకేస్తే సరిపోయేది" అన్నాడు.

తమ్ముడి మొహంలో నెత్తుటి చుక్క లేదు. వాడు గబగబా గ్లవ్స్ అందుకున్నాడు. ఆ తొందర చూసి నా కడుపు రగిలింది. వాడి చేతిలోంచి గ్లవ్స్ లాక్కుని నవ్వినతనికిచ్చాను.

"మేం రెల్లోళ్లం బాబూ. మా నాయనమ్మ ఊరందరిదీ ఎత్తింది. మా వంతు అయిపోయింది. నేను మాస్టర్ని, చెప్తాను, నువ్వు చెయ్యి. ముందు గొట్టం బిగించు. నల్లది లాగు. అది ఖాళీ అయ్యాకే బూడిదది లాగు, ఆ నీళ్లతో గొట్టం కడుక్కుంటుంది."

మొహం పక్కకి తిప్పుకునే చేశాడు. చేశాడుగా! ఏం కాలేదు, చేతులు కడుక్కున్నాడు.

అమెరికా గొప్పదని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆ క్యాంపుగ్రౌండులో అందరూ వాడే కక్కసులు కడిగేది కూలీకొచ్చిన ఆడవాళ్లే. పని ఎక్కడైనా ఉంటుంది. దాన్ని పుట్టుకకి కట్టేసింది మాత్రం మన ఊరే. 2013లో ఇంకో చట్టం వచ్చింది. మురుగులోకి దిగి చస్తున్నవాళ్ల కులాలు మాత్రం మారలేదు.

ఆ రాత్రి చెరువు ఒడ్డున కూచుని పార్కు మీద బాణసంచా చూశాం. ఆ స్నేహితులు దూరంగా కూచున్నారు. తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి అన్నాడు:

"అన్నా, నువ్వు వారానికి ఎల్లిపోతావు. సోమారం ఆళ్ల పక్క సీట్లో కూచోవాల్సింది నేను."

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. వాడి కులం చెప్పే హక్కు నాకెవరిచ్చారు? చెప్పకపోతే ఆ గ్లవ్స్ వాడి చేతికే ఉండేవి. రెండూ నిజమే. విమానం ఎక్కేముందు వాడు నన్ను గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత ఫోన్లో ఒకే మాట చెప్పాడు: "ఇంటిపేరు అడిగితే ఇప్పుడు చెప్తన్నానన్నా."