వెచ్చని నీరు

సముద్రతీరంలో పుట్టినవారందరికీ సముద్రం మీద మక్కువ ఉంటుందని లోకం అనుకుంటుంది. మా ఇంట్లో ఆ మాట చెల్లదు. కృష్ణానది పాయలుగా చీలి సముద్రంలో కలిసే దివిసీమలో, నాగాయలంకకు దిగువన ఉన్న ఒక చిన్న గ్రామం మా అమ్మ పుట్టినిల్లు. 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన ఆ ప్రాంతాన్ని ముంచెత్తినప్పుడు ఆమె వయస్సు పద్దెనిమిదేళ్ళు. పదివేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయిన ఆ విపత్తులో మా అమ్మ తన తల్లినీ, తొమ్మిదేళ్ళ చెల్లెలినీ పోగొట్టుకుంది. ఆ తరువాత నలభై ఒక్క సంవత్సరాలపాటు ఆమె సముద్రం ముఖం చూడలేదు.

మచిలీపట్నంలో నేను ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో తోటి విద్యార్థులు సెలవు దొరికితే చాలు, సైకిళ్ళెక్కి మంగినపూడి తీరానికి వెళ్ళేవారు. నాకు మాత్రం అనుమతి ఉండేది కాదు. “సముద్రంతో మనకు పని లేదు” అనేది అమ్మ. అంతకు మించి ఒక్క మాట కూడా చెప్పేది కాదు. పిన్ని ఎలా పోయిందో అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

అటువంటి అమ్మ 2019 మార్చి నెలలో మాతో కలిసి ఐదు రోజులపాటు సముద్రం మీద ప్రయాణం చేసింది. ఆ ప్రయాణంలో నేను చూసిన వింతల కంటే, అమ్మ నోట విన్న రెండు మాటలే నాకు విలువైనవి.

అప్పటికి నేను ఉద్యోగరీత్యా అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో స్థిరపడి ఉన్నాను. ఆ దేశంలో మార్చి నెల ప్రాంతంలో విద్యాసంస్థలకు ఒక వారం వసంతకాలపు సెలవులు ఇస్తారు. ఉత్తరాది రాష్ట్రాలలో మంచు ఇంకా పూర్తిగా కరగని ఆ రోజుల్లో వేలాది కుటుంబాలు వెచ్చని సముద్రాలను వెతుక్కుంటూ దక్షిణానికి తరలిపోతాయి. ఫ్లోరిడాలోని మయామి, టెక్సాస్‌లోని గాల్వెస్టన్ వంటి రేవుల నుంచి విహార నౌకలు బయలుదేరి కరీబియన్ దీవులకూ, మెక్సికో తీరానికీ పోతుంటాయి. ఆ ఏడాది మా పిల్లలు కూడా ఓడ ప్రయాణం కావాలని పట్టుబట్టారు. పన్నెండేళ్ళ మా అమ్మాయి “నాయనమ్మ రాకపోతే నేనూ రాను” అని తేల్చి చెప్పింది.

అమ్మ రెండు రోజులు మౌనంగా ఉంది. మూడవనాడు నన్ను పిలిచి, “పిల్లల్ని నీళ్ళమీదికి పంపించి నేను ఇంట్లో కూర్చోలేనురా. ఏది జరిగినా వాళ్ళ పక్కనే ఉంటాను” అంది. అందరూ వినోదానికి బయలుదేరుతుంటే ఆమె కాపలాకు బయలుదేరింది.

గాల్వెస్టన్ ఒక సన్నని దీవి. హ్యూస్టన్‌కు ఆగ్నేయంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో మెక్సికో సింధుశాఖ ఒడ్డున ఉంటుంది. ఓడ ఎక్కడానికి ముందురోజు సాయంకాలమే మేము అక్కడికి చేరుకున్నాము. ఊరికీ సముద్రానికీ నడుమ మైళ్ళ పొడవున సాగే 17 అడుగుల ఎత్తైన గోడ మీద నడుస్తుండగా ఒక కాంస్య విగ్రహం కనిపించింది. ఒక పురుషుడు ఒక చేతిని ఆకాశం వైపు చాచి, మరొక చేతితో భార్యను పొదివి పట్టుకున్నాడు. ఆమె ఒడిలో బిడ్డ ఉంది. అమ్మ ఆ విగ్రహం ముందు చాలాసేపు నిలబడిపోయింది. “ఇక్కడా వచ్చిందా?” అని మెల్లగా అడిగింది.

వచ్చింది. 1900 సెప్టెంబరు 8వ తేదీన పెనుతుఫాను గాల్వెస్టన్‌ను తాకింది. ఆనాడు ఆ నగరంలో అత్యంత ఎత్తైన ప్రదేశం సైతం సముద్రమట్టానికి తొమ్మిది అడుగులకు మించి లేదు. ఉప్పెన పదిహేను అడుగులకు పైబడి వచ్చింది. సుమారు 8,000 మంది మరణించారని అంచనా. అమెరికా చరిత్రలో అంతటి ప్రాణనష్టం కలిగించిన ప్రకృతి వైపరీత్యం మరొకటి లేదు. అంతకు తొమ్మిదేళ్ళ ముందు, 1891లో, ఆ ఊరి వాతావరణ కార్యాలయ అధికారి ఐజాక్ క్లైన్, తుఫాను వల్ల గాల్వెస్టన్‌కు పెద్ద ముప్పు కలుగుతుందనడం అర్థంలేని భయమని పత్రికలో రాశాడు. 1900 నాటి తుఫానులో ఆయన భార్య కూడా ప్రాణాలు కోల్పోయింది.

గోడ వెంబడి కొంతదూరం సాగగా ఒక స్మారక ఫలకం ఎదురైంది. ఒకప్పుడు అక్కడ సెయింట్ మేరీస్ అనాథాశ్రమం ఉండేది. నీరు పెరుగుతున్నకొద్దీ అందులోని క్రైస్తవ సన్యాసినులు పిల్లలను బట్టలు ఆరవేసే తాళ్ళతో తమ నడుములకు కట్టుకున్నారు. భవనం కూలిపోయింది. పదిమంది సన్యాసినులూ, తొంభైమంది పిల్లలూ మరణించారు. ఒక చెట్టును పట్టుకుని ముగ్గురు బాలురు మాత్రమే బతికారు. మా అమ్మాయి ఆ కథను చదివి నాయనమ్మకు తెలుగులో చెప్పింది. అమ్మ ఏమీ అనలేదు. పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని వెనుదిరిగింది.

మరునాడు మధ్యాహ్నం ఓడ ఎక్కాము. అది ఓడ అనడం కంటే తేలియాడే పట్టణం అనడం సముచితం. పన్నెండు అంతస్తులు, ఈతకొలనులు, నాటకశాల, ఎప్పుడు వెళ్ళినా వడ్డన ఆగని భోజనశాలలు. మా గది చూసుకునే ఇండోనేషియా యువకుడు తువ్వాళ్ళను మడిచి ఏనుగు ఆకారం చేసి మంచం మీద నిలబెడితే, అమ్మ “వినాయకుడు” అంటూ దానిని నలగనివ్వక ఐదు రోజులూ బల్లమీద భద్రంగా ఉంచింది. ఎనిమిదేళ్ళ మా అబ్బాయి ఆ వినాయకుడికి రోజూ ఒక బిస్కెట్టు నైవేద్యం పెట్టి, ప్రసాదం తానే స్వీకరించాడు.

ఓడ కదలకముందే ప్రయాణికులందరినీ నిర్ణీత స్థలాలలో సమావేశపరిచారు. ప్రమాద సంకేతం ఎలా మోగుతుందో వినిపించారు. లైఫ్ జాకెట్ ధరించే పద్ధతి చూపించారు. ఏ గదివారు ఏ మెట్లు దిగి ఏ పడవ దగ్గరకు రావాలో వివరించారు. 1912లో టైటానిక్ మునిగినప్పుడు అందరికీ సరిపడే పడవలు లేకపోవడం వల్ల 1,500 మందికి పైగా మరణించారు. ఆ విషాదం నుంచే 1914లో సముద్రయాన భద్రతపై అంతర్జాతీయ ఒడంబడిక పుట్టింది. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే ఓడ ఒరిగిపోయి 32 మంది మరణించిన తరువాత, ఈ అభ్యాసాన్ని ఓడ బయలుదేరడానికి ముందుగానీ, బయలుదేరిన వెంటనేగానీ జరపాలన్న నియమం వచ్చింది.

పక్కవారు గడియారాలు చూసుకుంటున్నారు. మా అబ్బాయి ఈతకొలను ఎప్పుడు తెరుస్తారని గొణుగుతున్నాడు. అమ్మ మాత్రం ఒక్క మాట కూడా వదలకుండా అనువాదం చేయించుకుంది. లైఫ్‌బోట్లను వేళ్ళతో లెక్కపెట్టింది. చివరకు నా వైపు తిరిగి, “ఓడ కదలకముందే ఇదంతా నేర్పుతారా?” అని అడిగింది. నేను తల ఊపాను. “మాకు రేడియోలో తుఫాను అని చెప్పారు. ఎక్కడికి పోవాలో ఎవరూ చెప్పలేదు. పోదామన్నా మా ఊళ్ళో ఎత్తైన కట్టడం ఏది?” అంది. ఉప్పెన గురించి ఆమె నాతో మాట్లాడడం అదే మొదటిసారి.

తీరం దాటిన కొన్ని గంటలవరకు నీరు గోధుమవర్ణంలోనే ఉంది. “హంసలదీవి దగ్గర కూడా ఇలాగే మట్టినీళ్ళు” అంది అమ్మ. మరునాడు ఉదయానికి మట్టి రంగు మాయమై గాఢమైన నీలం పరచుకుంది. నాలుగు దిక్కులా నీరు తప్ప మరేదీ కనిపించని ఆ పగలంతా ఆమె పై అంతస్తులో, మనవడు ఈదుతున్న కొలను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. మొదట కొలను వైపే చూసింది. మధ్యాహ్నానికి ఆమె చూపు ఒకటి రెండుసార్లు కడలి వైపు మళ్ళడం గమనించాను.

గాల్వెస్టన్ నుంచి 1,200 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి మూడవనాడు మెక్సికోకు చెందిన కోజుమెల్ దీవికి చేరుకున్నాము. పూర్వం ఇది మాయా ప్రజలకు పుణ్యక్షేత్రం. ఇష్చెల్ అనే దేవతను కొలవడానికి స్త్రీలు పడవలపై ఇక్కడికి వచ్చేవారట. నేడు పగడపు దిబ్బలను చూడడానికి లోకమంతా వస్తోంది. తెల్లని ఇసుక, అడుగు వరకు కనిపించే నీరు. పిల్లలు పరుగున వెళ్ళి నీళ్ళలో దిగారు. అమ్మ ఒడ్డునే నిలబడింది. మా అమ్మాయి వెనక్కి వచ్చి, “నాయనమ్మా, పాదాలు తడిసేవరకే” అని చెయ్యి చాచింది.

అమ్మ చెప్పులు విడిచి, మనవరాలి చెయ్యి పట్టుకుని, మోకాళ్ళ లోతు వరకు నడిచింది. “ఎంత వెచ్చగా ఉన్నాయమ్మా ఈ నీళ్ళు!” అంది. కొంతసేపటికి, ఎవరితోనో కాక ఆ నీటితోనే మాట్లాడుతున్నట్లుగా, “దాని చెయ్యి నా చేతిలోనే ఉంది. జారిపోయింది. చీరకొంగుతో నడుముకు కట్టుకుని ఉంటే దక్కేదేమోనని ఇన్నేళ్ళూ అనుకున్నాను. తాళ్ళతో కట్టుకున్న ఆ తల్లులకూ దక్కలేదు గదా పిల్లలు” అంది. మా అమ్మాయి ఏమీ అనలేదు. పట్టుకున్న చెయ్యి వదలలేదు.

నాలుగు దశాబ్దాలుగా మా అమ్మ మోసిన భారం ఏమిటో నాకు ఆనాడు అర్థమైంది. ఆమె భయపడింది సముద్రానికి కాదు. తన చేతికి.

అమ్మకు హాయిగా తోచిన ఆ వెచ్చదనమే తుఫానుకు ఆహారం. సముద్రపు పైపొరలో నీటి ఉష్ణోగ్రత సుమారు 26.5 డిగ్రీల సెల్సియస్ దాటినప్పుడు, ఇతర పరిస్థితులు కూడా అనుకూలిస్తే తుఫాను పుడుతుంది. వెచ్చని నీరు ఆవిరై పైకి లేస్తుంది. ఆ ఆవిరి మేఘంగా మారేటప్పుడు వెలువడే ఉష్ణమే గాలులను సుడిగా తిప్పుతుంది. ఆ గాలులు లోతులేని తీరం మీదికి నీటిని నెట్టినప్పుడు ఉప్పెన వస్తుంది. కోజుమెల్ పక్కనుంచి యుకటాన్ జలసంధి మీదుగా ఉత్తరానికి పారే వెచ్చని ప్రవాహమే మెక్సికో సింధుశాఖలో అనేక తుఫానులకు బలాన్నిచ్చింది. 2005 అక్టోబరులో విల్మా అనే తుఫాను ఆ దీవినే అతలాకుతలం చేసింది. అక్కడ తుఫానుల కాలం జూన్ నుంచి నవంబరు వరకు. మన బంగాళాఖాతంలో ఋతుపవనాలకు ముందు ఒకసారి, వెనుక మరొకసారి ఆ ముప్పు ఉంటుంది. విహారానికి పిలిచే నీరూ, ఊళ్ళను ముంచే నీరూ వేరువేరు కావు.

అటువంటి నీటి ముందు ప్రేమ ఎంత గాఢమైనదైనా, పట్టు ఎంత బలమైనదైనా చాలదు. కాపాడేది ముందుచూపు. గాల్వెస్టన్ ప్రజలు ఊరు విడిచిపోలేదు. 1902లో గోడ కట్టనారంభించారు. ఇళ్ళను జాకీలతో పైకెత్తి, కింద ఇసుక నింపి, నేలమట్టాన్నే పెంచారు. 1915లో మళ్ళీ పెనుతుఫాను వచ్చినప్పుడు ఆ శ్రమ నగరాన్ని చాలావరకు కాపాడింది. మన తీరం కూడా పాఠం నేర్చుకుంది. 1864లో మచిలీపట్నం ఉప్పెన సుమారు 30,000 మందిని బలిగొన్నది. 1977లో దివిసీమ కన్నీరు మున్నీరయింది. ఆ తరువాత తీరం పొడవునా తుఫాను రక్షిత కేంద్రాలు వెలిశాయి. 1990 మే నెలలో మరొక పెనుతుఫాను కోస్తాను తాకినప్పుడు, ముందుగానే ఆరు లక్షలకు పైగా ప్రజలను సురక్షిత ప్రాంతాలకు తరలించారు. మృతుల సంఖ్య వేయిలోపే ఉంది. అదీ తక్కువ దుఃఖం కాదు. కాని 1977తో పోల్చి చూస్తే, ముందుగా తెలియడానికీ తెలియకపోవడానికీ మధ్య ఎన్ని వేల ప్రాణాల తేడా ఉందో తెలుస్తుంది.

సముద్రాలు ఏటికేడు మరింత వేడెక్కుతున్నాయి. ఆ వేడిమికి పగడపు దిబ్బలు తెల్లబారుతున్నాయి. ప్రపంచవ్యాప్తంగా ఈ విపత్తు నాలుగవసారి సంభవిస్తున్నదని 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. భూతాపం పెరిగేకొద్దీ తుఫానులలో అత్యంత తీవ్రమైనవాటి పాలు పెరుగుతుందని కూడా వారు హెచ్చరిస్తున్నారు. కాబట్టి నేడు తీరప్రాంతాలలో పెరుగుతున్న పిల్లలకు ఈత ఎంత అవసరమో, రక్షిత కేంద్రానికి దారి తెలియడం అంతకంటే అవసరం.

అమ్మ ఆ వేసవిలోనే స్వదేశానికి తిరిగివెళ్ళింది. ఇప్పుడు తుఫాను హెచ్చరిక వెలువడినప్పుడల్లా ఆమె పుట్టినూరికి ఫోన్లు చేస్తుంది. ముసలివారిని తరలించారా, రక్షిత కేంద్రం తాళం ఎవరి దగ్గర ఉంది, తాగునీరు సిద్ధం చేశారా అని ఒక్కొక్కటే అడుగుతుంది. ఓడలో ఆమె విన్న వివరణ తీరు ఆ ప్రశ్నలలో నాకు వినిపిస్తుంది. వాతావరణం ప్రశాంతంగా ఉన్న రోజుల్లో మాత్రం ఆమె వేరే మాట అడుగుతోంది: “పిల్లలు ఈసారి వస్తే, వాళ్ళను హంసలదీవికి తీసుకువెడదామా?”