పోపుల డబ్బాలో స్టెల్త్

'స్టెల్త్' అనగానే రాడార్‌కు చిక్కని విమానాలు గుర్తొస్తాయి. 2025 ఆగస్టు 26న విశాఖలో నేవీలో చేరిన ఉదయగిరి, హిమగిరి కూడా స్టెల్త్ యుద్ధనౌకలే. ఎవరి కంటా పడకుండా, చప్పుడు చెయ్యకుండా పని చక్కబెట్టుకోవడం... అదీ ఆ మాటకు అర్థం.

పుట్టుక మాత్రం అంత గౌరవమైనదేం కాదు. దొంగిలించడమనే అర్థమున్న 'స్టీల్'కి అది దగ్గరి చుట్టం. 'హీల్'కి 'హెల్త్' ఎలాగో దానికి 'స్టెల్త్' అలాగ. ఒకప్పుడు అచ్చంగా దొంగతనమనే వాడేవారు. రానురాను దొంగతనం జారిపోయి గప్‌చుప్ మిగిలింది.

తెలుగు అంత తేలిగ్గా వదల్లేదు. చాటుగా చేస్తే చాలు, దొంగచాటే. దొంగచూపు, దొంగనిద్ర, దొంగనవ్వు... బడి ఎగ్గొట్టడానికి పిల్లాడు కళ్లు మూసుకుంటే ఎవరి సొమ్ము పోయిందట!

మరి ఇంటావిడ సంగతి? కూరల దగ్గర పది, పాల లెక్కలో ఇరవై మిగిల్చి పోపుల డబ్బాలోనో, పట్టుచీర మడతల్లోనో, బియ్యం అడుగునో దాస్తుంది. పిల్లాడి ఫీజుకి, పుట్టింటికెళ్లే చార్జీలకి, ఆయన జేబు ఖాళీ అయిన నెలాఖరుకి. తనకోసం ఖర్చుపెట్టుకునేది తక్కువే. అయినా దానికి ఇంట్లో ఉన్న పేరు దొంగడబ్బే!

2016 నవంబరు 8 రాత్రి ఆ గుట్టు రట్టయింది. 500, 1000 నోట్లు చెల్లవన్నారు. డిసెంబరు 30లోగా బ్యాంకులో వెయ్యాలి. అంటే ముందు ఇంట్లో చెప్పాలి. 'ఇంత దాచావా!' అన్న మాట కొన్ని ఇళ్లలో నవ్వుతూ వచ్చింది. అన్ని ఇళ్లలోనూ అలా రాలేదు. తాగొచ్చే మొగుడికి తెలియకుండా కూడబెట్టుకున్న మనిషికి ఆ నోట్లు బయటపెట్టడమంటే, ఉన్న ఒక్క ఆసరానీ చేతులారా అప్పజెప్పడమే. బ్యాంకు ఖాతా లేని ఆడవాళ్ల అవస్థ మరీ ఘోరం. మార్చిపెట్టమని ఎవరిని అడగాలి? అడిగితే ఆ మాట ఆయన చెవిన పడదా?

2021లో ఆగ్రాలోని ఆదాయపు పన్ను అప్పిలేట్ ట్రైబ్యునల్ ముందుకు ఓ గృహిణి కేసు వచ్చింది. నోట్ల రద్దు రోజుల్లో ఆమె బ్యాంకులో వేసిన డబ్బు ఎక్కడిదని అధికారులు నిలదీశారు. ఇంటి ఖర్చుల్లో మిగుల్చుకున్నదేనని ట్రైబ్యునల్ నమ్మింది. గృహిణులు అలా జమచేసిన రెండున్నర లక్షల దాకా సొమ్మును లెక్క తేలని ఆదాయమనకూడదని చెప్పింది. పన్నుల లెక్కలో ఆ మచ్చ పోయింది. ఇంట్లో పోయిందో లేదో ఏ తీర్పులోనూ ఉండదు.

కొందరు ఆ తర్వాతా మిగిలిస్తూనే ఉన్నారు. కాకపోతే, వంద నోట్లలో.