భిక్నూర్ దారిలో ఒక ఇనుప కడియం

44వ నంబరు జాతీయ రహదారిపై రామాయంపేట దాటి కామారెడ్డికి వెళ్ళేవారికి భిక్నూర్ తగులుతుంది. 2016 అక్టోబర్‌లో కామారెడ్డి జిల్లా ఏర్పడేవరకు ఇది నిజామాబాద్ జిల్లాలోని మండలం. వరి, మొక్కజొన్న పండే నేల. కోతల కాలంలో ఇక్కడి ఊరిదారుల నిండా ట్రాక్టర్ ట్రాలీలే.

గత కోతలప్పుడు మేము ఈ ప్రాంతానికి వెళ్ళాము. ఒక రైతు సోదరుడు తన పంటలోని ఉష్ర్‌ను మా మదర్సాకు ఇస్తానన్నారు. వర్షాధార పంటలో పదో వంతు, నీరు పెట్టి పండించిన దానిలో ఇరవయ్యో వంతు అన్న నియమం పాఠకులకు తెలిసిందే. బోరు నీటితో పండిన వడ్లు కనుక ఆయన ఇరవయ్యో వంతు లెక్కకట్టి బస్తాలకెత్తించారు. మాతో వచ్చిన ఆరుగురు విద్యార్థులు ఆ బస్తాలపై కూర్చున్నారు.

ఊరు దాటకముందే ట్రాలీ ముందుభాగంలో టకటకమని శబ్దం మొదలైంది. దారి పక్క వెల్డింగ్ దుకాణం వద్ద ఆపించాము. ట్రాక్టర్‌కు ట్రాలీని కలిపే పిన్ను జారిపోకుండా ఉంచే క్లిప్పు లేదు. బదులుగా చుట్టిన తీగ తెగిపోయింది. జుహర్ వేళ మించుతుందన్న తొందరలో, "మరో తీగ కట్టండి, వెళ్ళిపోతాము" అన్నది మేమే.

పెద్దవయసు మేస్త్రీ పిల్లలవైపు చూసి, "సాబ్, తీగతోని మూట కడ్తరు. గీ పిన్ను మీద పిలగాండ్ల పానాలున్నయి" అన్నారు. మా వద్ద జవాబు లేకపోయింది.

ఆయన పిన్ను తీసి చూపించారు. అది స్లాబుకు వాడే సలాక ముక్క; నడుము వద్ద అరిగి సన్నబడింది. ట్రాలీ కొసనున్న కడియం రంధ్రం కోడిగుడ్డులా సాగిపోయింది. రంగు గీకితే చట్రం అతుకు వద్ద వెంట్రుకంత పగులు. రెండు చక్రాల ట్రాలీ బరువంతా ఇరుసుపై నిలవదు. కొంత ఈ కడియంపైనే వాలుతుంది. గతుకులో ఎగిరినా, బ్రేకు వేసినా దెబ్బ దానికే. పిన్ను ఊడితే ట్రాలీ ముందుభాగం నేలను గుద్దుకుంటుంది.

తుప్పు మీద, రంగు మీద వెల్డింగ్ నిలవదు. అందుకే మేస్త్రీ పగులును గ్రైండర్‌తో అడుగంటా తొలిచి, మెరిసే ఇనుము కనిపించాకే అతికారు. అరిగిన కడియాన్ని కోసి కొత్తది పెట్టారు. గట్టి ఉక్కు పిన్ను, క్లిప్పు, గ్రీజు అమర్చి, ఒకవేళ పిన్ను విరిగినా పట్టి ఉంచేందుకు గొలుసు బిగించారు. జుహర్ అక్కడే జమాఅత్‌తో చేశాము.

అమెరికాలో ఇల్లులాంటి వాహనం వెనుక కారును తగిలించి తిరిగే కుటుంబాలు సైతం మధ్యనున్న లాగుడు కడ్డీకి ఇవే చూసుకోవాలి: పిన్నులు, పగుళ్ళు, గొలుసులు. దేశం మారినా ఇనుము స్వభావం మారదు.

ఖుర్ఆన్‌లో 57వ సూరా పేరు అల్ హదీద్, అంటే ఇనుము. దావూద్ అలైహిస్సలాం కోసం ఇనుము మెత్తబడిన వృత్తాంతాన్ని మేము ఏటా బోధిస్తాము. తవక్కుల్ గురించీ బోధిస్తాము. ఆ రోజు మాత్రం మా నిర్లక్ష్యానికే తవక్కుల్ అని పేరు పెట్టబోయాము.

సరుకు బండి మనుషుల కోసం కాదన్న మేస్త్రీ మాట విని విద్యార్థులను బస్సెక్కించాము. వడ్లు ట్రాలీలో క్షేమంగా చేరాయి. ట్రాలీ ఉన్న ఇంటివారికి మా విన్నపం ఒక్కటే. ఉదయం బండి తీసే ముందు ఒకసారి వంగి ఆ పిన్నును చూడండి.