అటక మీద కాయ

ఐ.పోలవరంలో మా పాత ఇంట్లో వంటగది మీద ఒక అటక ఉండేది. దింపు తీసిన ప్రతిసారీ బాగా ముదిరిన కొబ్బరికాయలు ఏరించి, డొక్కతోనే ఆ అటక మీద పోయించేవారు నాన్నగారు. తొమ్మిది పది నెలలు వాటి జోలికి ఎవరూ వెళ్లేవారు కాదు. కింద పొయ్యి పొగ తగులుతూ ఉండేది, పైన ఎండ వేడి. లోపలి నీళ్లు మెల్లగా ఇంకిపోయి, కొబ్బరి చిప్పను వదిలేసి గుండులా విడిపడేది. నాన్నగారు ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపి చూసి, తర్వాత నా చెవి దగ్గర ఊపేవారు. బుడబుడమంటే ఇంకా నీళ్లున్నట్టు. గటగటమని పొడిగా కొట్టుకుంటే కురిడీ తయారైనట్టు. అంబాజీపేట మార్కెట్లో నీటికాయకు ఒక ధర, కురిడీలో గండేరా, గటగటా రకాలకు వేరే ధరలు. చెట్టు అదే, కాయ అదే. తేడా అంతా ఆ పది నెలల్లోనే ఉంది.

ఆ పది నెలలు ఎవరికి ఉంటాయి, ఎవరికి ఉండవు అన్నది నేను చాలా ఆలస్యంగా ఆలోచించాను.

నాన్నగారు పోయాక మా రెండెకరాల చేను కౌలుకిచ్చి నేను హైదరాబాదులో ఉద్యోగం చేసుకున్నాను. కౌలు చేసే ఆయన నాన్నగారికంటే కాస్త చిన్న. చిన్నాన్నా అనే పిలిచేవాణ్ణి. 2022 సార్వా వరి కోతలప్పుడు ఊరొచ్చాను. ఆ ఏడాది సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాకు 2,040 రూపాయలు, అంటే 75 కేజీల బస్తాకు 1,530. ఆయన మాత్రం బస్తాకు రెండు వందలు తక్కువకు, పచ్చి ధాన్యం పచ్చిగానే కమీషన్ వ్యాపారికి కాటా వేయించేస్తున్నాడు. నాకు కోపం వచ్చింది.

"అదేంటి చిన్నాన్నా, నాలుగు రోజులు ఎండబెడితే తేమ పదిహేడు శాతానికి దిగుతుంది కదా. మద్దతు ధరకే అమ్ముకోవచ్చు. ఇంత తొందరేంటి?"

ఆయన చేతిలోని ధాన్యం రాశి మీదకు జారవిడిచి, ఆకాశం వైపు చూశాడు.

"పదిహేడు సంగతి నాకు తెలుసు బాబుగారూ. ఎండేయడానికి చోటు రోడ్డు మీద. కప్పడానికి బరకాలు అద్దెకు. తిరగేయడానికి రోజూ ఇద్దరు మనుషులు. మబ్బు పట్టిందంటే గింజ రంగు మారిపోద్ది. ఇవన్నీ అయ్యాక డబ్బులు ఖాతాలో ఎప్పుడు పడతాయో చెప్పలేం. ఎరువుల కొట్టాయన మాత్రం రేపు పొద్దున్నే వస్తాడండి. మీ కౌలు కూడా ఉంది కదండీ."

ఆ చివరి మాట దగ్గర నా నోరు మూతపడింది. ఆయన ఆగలేకపోవడానికి కారణమైన బాకీల్లో నాది కూడా ఒకటి. ధర గురించి ఆయనకు పాఠం చెప్పబోయిన మనిషిని నేను. ఎండ, తేమ, కాటా, వడ్డీ, అన్నీ ఆయనకు నాకంటే బాగా తెలుసు. ఆయనకు లేనిది తెలివీ కాదు, కష్టపడే గుణమూ కాదు. వ్యవధి లేదు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టాకు కరువు బెంగ తీరిందని చదువుకున్నాం. నిజమే, కాలవల్లో నీళ్లున్నాయి, నేలలో సారం ఉంది. పచ్చగా కనిపించే ఈ సీమలో పేదరికం ఎక్కడుందని పై ఊళ్ల వాళ్లు అడుగుతారు. కాటా దగ్గర నిలబడితే కనిపిస్తుంది. పంట చేతికొచ్చిన రోజునే దాన్ని వదిలించుకోక తప్పని స్థితి అది.

ఆ కళ్లతో చూడడం మొదలుపెట్టాక నేను మరిచిపోయినవన్నీ వరసగా గుర్తొచ్చాయి. 1996 నవంబరు 6 రాత్రి తుపాను తీరం దాటాక మా మండలంలో కొబ్బరి తోటలకు తోటలు నేలకూలాయి. కొత్త మొక్క కాపుకు రావడానికి ఐదారేళ్లు పడుతుంది. ఇంట్లో ఒక జీతం ఉన్నవాళ్లు మళ్లీ మొక్కలు నాటి కాపు కోసం ఎదురుచూశారు. మేమూ అలాగే చూశాం. అది మా ఓర్పు అనుకున్నాను అప్పట్లో. నాన్నగారికి నెల నెలా జీతం వచ్చేది, అంతే. రోజు కూలి మీద, దింపు మీద, ఒలుపు మీద బతికే ఇళ్లవాళ్లకు ఐదేళ్లు కాదు, ఐదు వారాలు గడవడం కూడా గగనమైంది. 2011లో కోనసీమ రైతులు సాగు చేయబోమంటూ పంట విరామం ప్రకటించినప్పుడు, మళ్లీ 2022లో ఆ మాట వినిపించినప్పుడు, నేను రైతుల పక్షానే మాట్లాడాను. ఇప్పటికీ వాళ్ల పక్షమే. పూడుకుపోయిన డ్రెయిన్లు, చేతికి రాని ధాన్యం సొమ్ము, వాళ్ల బాధలన్నీ నిజమైనవే. అయితే నాట్లు వేసే ఆడకూలీకి విరామం ఎవరిస్తారన్న ప్రశ్న అప్పుడు నాకు తట్టలేదు.

సముద్రం వైపు, భైరవపాలెంలోనూ ఇదే కథ. పడవకూ వలకూ సావుకారు దగ్గర పెట్టుబడి తెచ్చుకుంటే, పట్టిన చేప ఆయనకే, ఆయన చెప్పిన ధరకే ఇవ్వాలి. ఐసు పెట్టి మంచి బేరం కోసం ఆగే వీలు ఉండదు. 2022 మే 13న మా మండలంలోని మురమళ్లలో జరిగిన సభలో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి మత్స్యకార భరోసా కింద 1,08,755 కుటుంబాలకు తలా 10,000 రూపాయలు విడుదల చేశారు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట ఆపుతారు. ఆ రోజుల కోసం ఇచ్చిన ఆ సొమ్మును పంచితే రోజుకు 164 రూపాయలు. అదే సభలో ఓఎన్‌జీసీ పైపులైను పనుల వల్ల వేట పోయిన 23,458 కుటుంబాలకు నెలకు 11,500 చొప్పున నాలుగు నెలల పరిహారం ఇచ్చారు. చాలామంది భరోసా సొమ్మును ఉచితం అన్నారు. నాకు అలా అనిపించలేదు. చేప పిల్ల పెరగడం కోసం వాళ్లు మనందరి తరఫునా ఆగుతున్నారు. ఆ ఆగడానికి అయ్యే ఖర్చులో అది ఒక ముక్క.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. పేదవాళ్లను ఆపడంలో మాత్రం మనకు ఏ మొహమాటమూ లేదు. ఎదుర్లంక దగ్గర గౌతమి మీద వంతెన రాకముందు యానాం వెళ్లాలంటే రేవులో పంటు కోసం పడిగాపులు. వంతెన వచ్చి రేవు బాధ తీరింది. ఇలాంటి అభివృద్ధిని నేను మనసారా నమ్ముతాను. కానీ కార్యాలయాల వరండాల్లో, బ్యాంకు మెట్ల మీద అవే మొహాలు ఇంకా కనిపిస్తున్నాయి. ఒక రోజు కూలి పోగొట్టుకుని వచ్చి, రేపు రమ్మంటే తల ఊపి వెళ్లిపోతున్నాయి. బజారులో ఆగలేని మనిషి ఇక్కడ ఆగక తప్పదు.

చిన్నాన్నకు బ్యాంకు అప్పు ఎందుకు రాలేదో ఆ కాటా రోజు సాయంత్రమే అడిగాను. ఆయన కాసేపు నసిగి చెప్పాడు. 2019 చట్టం ప్రకారం కౌలు రైతుకు సాగు హక్కు పత్రం కావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి. రెండేళ్ల కిందట ఆ కాగితం నా దగ్గరకు తెచ్చాడట. "చూద్దాంలే చిన్నాన్నా" అన్నానట నేను. నాకు గుర్తు కూడా లేదు. భూమి ఎక్కడ చేజారుతుందోనన్న భయమే అయి ఉంటుంది. ఒప్పందం పదకొండు నెలలకేనని, దానివల్ల కౌలుదారుకు భూమి మీద ఏ హక్కూ రాదని ఆ చట్టంలోనే రాసి ఉంది. నేను చదవలేదు. ఆ పత్రం లేక ఆయన బ్యాంకుకు వెళ్లలేకపోయాడు. ఎరువుల కొట్టులో అరువు పెట్టాడు. ఆ అరువు తీర్చడానికి పచ్చి ధాన్యం అమ్మాడు. నేను కోప్పడిన బస్తాకు రెండు వందల నష్టం నా దగ్గరే మొదలైంది.

మర్నాడే సంతకం పెట్టాను. ఆ తర్వాతి సార్వాకు ఆయన బరకాలు సొంతంగా కొనుక్కున్నాడు. పంటలో సగం ఎండబెట్టి అమ్మాడు. మిగతా సగం ఎప్పటిలాగే పచ్చిగానే వెళ్లిపోయింది.

హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో ఉండి ఊళ్లో చేను కౌలుకిచ్చిన నాలాంటి వాళ్లు కోనసీమలో వీధికి ఇద్దరుంటారు. మీ దగ్గరకూ ఒక కాగితం వచ్చే ఉంటుంది. ఈసారి ఊరు వెళ్లినప్పుడు దాన్ని అడిగి తెప్పించుకుని సంతకం పెట్టండి.