బిల్లులో ఒక చిన్న పద్దు

మా అమ్మాయి కుటుంబంతో అట్లాంటా చూడబోయి, ఊరి నడిబొడ్డున ఒక హోటల్లో రెండు రాత్రులు ఉన్నాము. గది ఖాళీ చేసేటప్పుడు బిల్లు చూశాను. అద్దె కింద నగర హోటల్ పన్ను 8 శాతం అని ఉంది.

"ఇది దేనికి బాబూ?" అని అడిగాను.

మా అల్లుడు నవ్వి, "కిటికీలోంచి కనబడే ఆ స్టేడియంలో మన వాటా కూడా ఉంది మామయ్యా!" అన్నాడు.

ఆ ఉదయం నడిచి వెళ్ళి చూశాము. మెర్సిడెస్ బెంజ్ స్టేడియం ఎంత పెద్దదో చెప్పలేను. ఎనిమిది రేకుల పువ్వులా విచ్చుకునే పైకప్పు! 2017లో తెరిచారు. ఖర్చు సుమారు 150 కోట్ల డాలర్లు. అందులో 20 కోట్లు హోటల్ పన్ను హామీతో తెచ్చిన అప్పు. పన్నులో 7 శాతం మేరకు వచ్చే సొమ్ములో 39.3 శాతం దీనికే వెళ్తుంది. అంటే గది అద్దె వంద డాలర్లయితే, పాతిక సెంట్లు తక్కువ మూడు డాలర్లు. ఈ ఏర్పాటు 2050 దాకా సాగేటట్లు రాష్ట్ర శాసనసభ 2010లోనే చట్టం చేసింది.

పక్కనే ఉండిన పాత స్టేడియం జార్జియా డోమ్ కూడా ఈ పన్నుతో కట్టినదే. 1992లో తెరిచి, 2017 నవంబరులో కూల్చేశారు. పాతికేళ్ళే దాని ఆయుష్షు.

"పరాయివాళ్ళు కట్టే పన్నే కదా, ఊరివాళ్ళకు నష్టమేముంది?" అన్నాను నేను.

"ఇక్కడ రెండు మందిరాలు ఉండేవి మామయ్యా" అన్నాడు అల్లుడు.

అవి ఫ్రెండ్‌షిప్, మౌంట్ వెర్నన్ అనే బాప్టిస్టు సంఘాల మందిరాలు. ఫ్రెండ్‌షిప్ సంఘాన్ని బానిసత్వం పోకముందే, 1862లో నల్లజాతి విశ్వాసులు స్థాపించారు. ఆ సంఘపు మందిరం నేలమాళిగలో 1881లో పదకొండు మంది స్త్రీలతో మొదలైన బడే నేటి స్పెల్మన్ కళాశాల. స్టేడియానికి స్థలం కావలసి వచ్చింది. 2013లో సంఘస్థులు ఓటు వేసి అమ్మకానికి ఒప్పుకున్నారు. ఫ్రెండ్‌షిప్ సంఘానికి 1 కోటి 95 లక్షల డాలర్లు ముట్టాయి. మరుసటి సంవత్సరం మందిరాన్ని పడగొట్టారు. వారు దగ్గరలోనే కొత్త మందిరం కట్టుకుని 2017లో అందులో చేరారు.

బలవంతం చేశారని నేననను. న్యాయమైన ధరే ఇచ్చారేమో. కాని తాతముత్తాతలు మోకరించిన నేలకు వెల కట్టడం ఆ పెద్దలకు ఎంత కష్టమై ఉంటుందో! పన్ను కట్టేది నావంటి బాటసారి. ఒక రాత్రి పడుకుని వెళ్ళిపోతాడు. స్థలం వదులుకున్నది మాత్రం ఆ ఊరివాళ్ళే.

తిరుగు ప్రయాణంలో ఆ బిల్లును మడిచి నా పుస్తకంలో పెట్టుకున్నాను. అందులో రాయని ఖర్చు ఒకటి ఉందని మరచిపోకుండా.